కోఠీకి ఎంతసేపు?

పోయిన దీపావళికి మావారు "బంగారం ఏమైనా తీసుకుంటావా?" అని అడిగితే "సైకిలు తీసుకుంటాను" అన్నాను. నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఊరుకున్నారు.

అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళాక పొద్దున్నే లేచి క్యారియర్ కట్టే పని తప్పింది. లేచే అలవాటు మాత్రం పోలేదు. ఐదింటికి బాల్కనీలో నిలబడితే హెల్మెట్లు పెట్టుకుని, వెనక ఎర్ర లైట్లు మెరుస్తూ ఓ గుంపు సైకిళ్ళ మీద పోతుండేది. అందులో నా వయసు ఆడవాళ్ళు ఇద్దరు కనిపించారు. ఇంకేం, నాకూ పురుగు తొలిచింది.

షాపులో ముచ్చట చెప్పి తీరాలి. రోడ్ బైక్ అంటే హ్యాండిల్ గొర్రెపొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి, టైర్లు బొటనవేలంత సన్నగా ఉండే సైకిలు. షాపతను నా ఎత్తెంతో మావారిని అడిగాడు! నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఐదడుగుల రెండంగుళాలని నేనే చెప్పి, నాకు సరిపడే చిన్న ఫ్రేము తీయించి, నేనే తొక్కి చూసుకున్నాను. ముప్పై వేలు దాటింది. ఇంటికి తెస్తే అమ్మ చుట్టూ తిరిగి చూసి, "స్టాండు లేదు, క్యారియర్ లేదు, బెల్లు కూడా లేదేమే, ఇంత డబ్బు పోసి?" అంది. తర్వాత ఒక్క చేత్తో ఎత్తి చూసి ఆశ్చర్యపోయింది. మన పాత ఇనప సైకిలు ఇరవై కిలోల దాకా ఉండేది. ఇది అందులో సగమే.

నేను సైకిలు నేర్చుకున్నది ఆరో తరగతిలో, గంటకి రూపాయి అద్దె సైకిలు మీద. సీటు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి, ఓ పక్కకి ఒరిగి తొక్కేవాళ్ళం. మోకాళ్ళు చీరుకుపోయేవి. ఇంట్లో దేనికైనా లెక్క అడిగే అమ్మ ఆ రూపాయికి మాత్రం ఎప్పుడూ అడిగేది కాదు. ఎందుకో నాకు మొన్నటిదాకా తెలియలేదు.

ఈ బారు సంగతి చూద్దామని కాస్త చరిత్ర తిరగేశాను. బీఏ తెలుగు చదివినదాన్ని, పదం ఎక్కడిది, వస్తువు ఎక్కడిది అని తవ్వే జబ్బు పోదు కదా. (సైకిలుకి తొక్కుడుబండి అని చక్కటి మాట చేశారు కానీ ఎవరూ అనరు.) మొదట్లో ముందు చక్రం మనిషంత ఎత్తుండే బండి ఉండేది. దాని మీద నుంచి పడితే తల పగిలేది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ సమానంగా ఉండి గొలుసుతో నడిచే ‘రోవర్’ తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. అప్పటికి గానీ ఆడవాళ్ళు ధైర్యంగా ఎక్కే బండి కాలేదు. గౌన్లకి అడ్డమని వాళ్ళ కోసం పై బారు కిందికి వంచారు, గుడ్డ చక్రంలో పడకుండా వల కట్టారు. మన లేడీస్ సైకిళ్ళకి చున్నీ పడకుండా ఉండే ఏర్పాటు దానికి మనవరాలే.

బండి దొరికినా లోకం ఊరుకుందా? 1893లో టెస్సీ రేనాల్డ్స్ అనే పదహారేళ్ళ పిల్ల బ్రైటన్ నుంచి లండన్ వెళ్ళి ఎనిమిదిన్నర గంటల్లో తిరిగి వచ్చింది. సుమారు నూట తొంభై కిలోమీటర్లు! పత్రికలు గొడవ చేసింది దూరం గురించి కాదు, ఆమె గౌను బదులు మోకాళ్ళ దాకా లాగు వేసుకున్నందుకు. సైకిలు తొక్కే ఆడవాళ్ళ మొహాలు వికారంగా బిగుసుకుపోతాయని, దానికి ‘సైకిలు మొహం’ అని జబ్బు పేరు పెట్టిన డాక్టర్లు కూడా ఉన్నారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి రోడ్డు పందెం పెట్టడానికి 1984 దాకా ఆగారు.

నాకు వీటన్నిటికంటే నచ్చింది మన పక్క రాష్ట్రం కథ. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ చదువుతోపాటు సైకిలు నేర్పడం కూడా అందులో కలిపారు. కూలి పనులకి వెళ్ళే ఆడవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు, వేల మంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళవి తీసుకున్నారు. తీరా కొందరికి అవే నచ్చాయట, ముందు బారు మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని! ఆ బారుని అడ్డమనుకున్నది ఎవరు, వాడుకున్నది ఎవరు, చూడండి.

ఇది అమ్మకి చదివి వినిపించాను. పప్పు ఏరుతూ వింటున్నదల్లా "నాకూ వచ్చు సైకిలు" అంది.

డెబ్బై దాటిన మనిషి! నాకు నలభై ఏడేళ్ళొచ్చాక, ఇప్పుడు చెప్తోంది.

మా తాతయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని చేసేవారు. మెట్టుగూడ క్వార్టర్సులో ఉండేవాళ్ళు. సైరన్ కూసే వేళకి సైకిళ్ళు బారులు తీరి వెళ్ళేవట. తాతయ్యది బీఎస్ఏ. ఇంగ్లండులో తుపాకులు చేసే కంపెనీ అది, ఆ పేరులో ఎస్ఏ అంటే చిన్న ఆయుధాలే, బిళ్ళ మీద మూడు తుపాకుల బొమ్మ కూడా ఉండేది. దాన్ని పెద్దమామయ్యకి ఇచ్చారు. మధ్యాహ్నాలు తాతయ్య నిద్రపోతుంటే మామయ్య క్వార్టర్స్ వెనక మైదానంలో అమ్మకి నేర్పాడు. పన్నెండో రోజు ఎదురింటావిడ చూసి అమ్మమ్మకి చెప్పింది. అంతే.

అయితే కథ అక్కడ ఆగలేదు. 1972లో అమ్మకి కోఠీ ఉమెన్స్ కాలేజీలో బీఏ సీటు వచ్చింది. 1924లో మొదలైన కాలేజీ, పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయమైంది. బస్సుల్లో తోపులాట, పిల్ల ఎలా వెళ్తుంది అన్నారు తాతయ్య. "అన్నయ్య సైకిలు ఇస్తే నేనే వెళ్తాను" అని అమ్మ అందట. తాతయ్య కోప్పడలేదు. "అంత దూరం నీ వల్ల కాదమ్మా" అన్నారట, మెత్తగానే. మరుసటేడు పెళ్ళి చేశారు.

"ఎంత దూరమో నాకేం తెలుసు అప్పట్లో. కాదేమో అనుకున్నా" అంది అమ్మ, పప్పు చేటలో వేసుకుంటూ.

ఇక మా క్లబ్బు సంగతి. హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ 2007 నుంచి ఉంది. రెండు వందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కించే హైదరాబాద్ రాండనర్స్ కూడా ఉన్నారు. అవతల ఔటర్ పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023లో వేశారు. కానీ అది మనకి ఊరవతల. మాది ఇక్కడి చిన్న గుంపు. ఆదివారం ఐదుంబావుకి పరేడ్ గ్రౌండ్స్ దగ్గర కలుస్తాం. కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, బొల్లారం, హకీంపేట మీదుగా శామీర్‌పేట చెరువు. మొదటి రోజు అల్వాల్ దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కాయి, మెడ పట్టేసింది. ముందున్నావిడ "నా వెనక చక్రానికి దగ్గరగా రండి, గాలి నేను కోస్తాను" అంది. నిజంగానే తేలికైపోయింది! ముందువాళ్ళు చేత్తో గుంత చూపిస్తే మనం వెనకవాళ్ళకి చూపించాలి. కాసేపటికి మనం ముందుకెళ్ళి గాలి కోయాలి. నేను కోసింది తుంకుంట దగ్గర రెండు నిమిషాలే అనుకోండి. చెరువు గట్టున ఇడ్లీ తిని తిరిగొచ్చేసరికి యాభై కిలోమీటర్లకి కాస్త తక్కువ. మావారు వేణ్ణీళ్ళు కాచి పెట్టారు.

పోయిన ఆదివారం గుంపుతో వెళ్ళలేదు. ఇంట్లో చెప్పకుండా మెట్టుగూడ వెళ్ళాను. క్వార్టర్సుల దగ్గర ఆగి టైము చూసుకుని బయల్దేరాను. చిలకలగూడ, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నారాయణగూడ, కోఠీ. సిగ్నళ్ళ దగ్గర ఆగాను, పరుగులు పెట్టలేదు. కాలేజీ గేటు ముందు కాలు దించి చూసుకుంటే ముప్పై నాలుగు నిమిషాలు.

గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఇది అమ్మకి చెప్పాలా వద్దా? ఇన్నేళ్ళూ ‘నా వల్ల కాదు’ అనుకుని సర్దుకున్న మనిషికి, అరగంటే అని చెప్పడం మంచా, పాపమా? తాతయ్య మీద నాకు ప్రేమ తక్కువేం కాదు, ఆయన చేతి ముద్దలు తిని పెరిగాను. నారాయణగూడ దాకా వద్దనుకున్నాను. ఇంటికి రాగానే చెప్పేశాను.

అమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చి కాసేపు మాట్లాడలేదు.

"నువ్వు వెళ్ళింది ఆదివారం పొద్దున. పైగా గేర్ల సైకిలు" అంది చివరికి. "అన్నయ్య సైకిలు బరువు. ముప్పావు గంట వేసుకో."

ఇంకాసేపటికి వంటింట్లోంచి మళ్ళీ, "ఎనిమిదిన్నరకి బయల్దేరితే మొదటి క్లాసు అందేది" అంది.