మట్టిబాటలకు మరమ్మతు సొమ్ము

గ్రామానికి బాట వేయడం ఒక ఎత్తు. వేసిన బాటను ఏటేటా నిలుపుకోవడం మరొక ఎత్తు. మట్టిబాటకు ప్రథమ శత్రువు నీరు. వానకాలంలో బండిచక్రాల జాడలు లోతుపడి, వాటిలో నీరు నిలిచి దారి బురదమయమవుతుంది. వానలు తగ్గగానే గోతులు పూడ్చి, నడుమ ఎత్తుచేసి, పక్క కాలువలు తీస్తేనే ఆ బాట మరుసటి ఏటికి మిగులుతుంది. ఇందుకు ఒకనాటి పెద్ద మొత్తం కన్న క్రమం తప్పక అందే చిన్న మొత్తమే ముఖ్యం.

ఆ సొమ్ము ఎవరివ్వాలన్న ప్రశ్న ఆంధ్ర జిల్లాలలో పాతదే. మద్రాసు ప్రభుత్వం 1866లో చట్టం చేసి భూమిపై రోడ్డు సెస్సు విధించింది. 1871 నాటి స్థానిక నిధుల చట్టం, 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం ఆ ఏర్పాటును విస్తరించాయి. రైతు శిస్తుతోపాటు సెస్సు కట్టేవాడు. బండివాడు టోలుగేటు వద్ద సుంకం చెల్లించేవాడు. బాట వాడుకున్నవారే దాని పోషకులు.

మోటారు వాహనాల రాకతో ఈ లెక్క మారింది. 1929లో పెట్రోలుపై గాలనుకు 2 అణాల అదనపు సుంకంతో కేంద్ర రోడ్డు నిధి ఏర్పడింది. 1931 నాటి మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం టోలుగేట్లను తొలగించి, స్థానిక సంస్థలకు పరిహారం కల్పించింది. అప్పటినుండి ఊరిబాట మరమ్మతు పైనుండి వచ్చే నిధికోసం ఎదురుచూడవలసి వచ్చింది.

1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. 2000లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదటి 5 ఏళ్ల నిర్వహణను కాంట్రాక్టులోనే చేర్చింది. ఆపై భారం రాష్ట్రానిది. ఆరవ ఏట ఆ పాత ప్రశ్నే మళ్లీ ఎదురవుతుంది. బాట చెడితే ముందుగా నిలిచిపోయేవి ధాన్యపు బండి, రోగి ప్రయాణం, బడిపిల్లల నడక. అందుచేత బాట ప్రారంభోత్సవం కన్న దాని వార్షిక మరమ్మతు పద్దే గ్రామాభ్యుదయానికి నిజమైన కొలబద్ద.