కె.పి.హెచ్. తీరకేంద్రము

అమెరికా పశ్చిమతీరమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు వాయవ్యమున, పాయింట్ రేయిస్ అను ద్వీపకల్పమునందు సముద్రసమీపమున ఒక పాతభవనము కలదు. మార్గమునుండి ఆ భవనము వరకు ఇరుప్రక్కల సైప్రస్ వృక్షములు కొమ్మలు కలుపుకొని పందిరి వేసినట్లుండును. యాత్రికులలో పెక్కండ్రు ఆ చెట్లను చూచి ముచ్చటపడి మరలిపోవుదురు. లోపలి విషయము వేఱు. 1997వ సంవత్సరము వరకు పసిఫిక్ మహాసముద్రమున సంచరించు నౌకలు పంపెడి వార్తలను రాత్రింబవళ్లు వినుచుండిన రేడియో కేంద్రమిది. దాని పిలుపుపేరు కె.పి.హెచ్. అది మూతపడిన పిమ్మట, జీతభత్యములు లేని కొందఱు దానిని మరల పలికించిన విధము చరిత్రాభిమానులు తెలిసికొనదగినది.

పేరులోని పి, హెచ్ అను రెండక్షరములు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్యాలెస్ హోటలు పేరునుండి వచ్చినవి. ఇరువదవ శతాబ్దారంభమున కేంద్రము తొలుత ఆ హోటలునందే నెలకొల్పబడెను. 1906 ఏప్రిల్ 18వ తేదీన భూకంపము వచ్చి, వెనువెంట అగ్ని చెలరేగి హోటలు దగ్ధమయ్యెను. కేంద్రము చోట్లు మాఱెను, యజమానులు మాఱిరి. ఆ రెండక్షరములు మాత్రము మాఱలేదు. 1912లో లండనునందు జరిగిన అంతర్జాతీయ సభ తరువాత పిలుపక్షరములు దేశముల వారీగా పంచబడగా వానికి ముందు కె అనునది వచ్చి చేరెను. వైయాకరణులు దీనిని ఆగమ మందురు. ఉన్నదానిని తొలగింపక మిత్రునివలె ప్రక్కన నిలిచినది. ప్రత్యయము లోపించినను దాని కార్యము నిలుచునన్నట్లు, ఇల్లు కాలిపోయినను ఇంటిపేరు నిలిచినది. మఱొక విచిత్రము. ఆ భూకంపమున పాయింట్ రేయిస్ ద్వీపకల్పము అంతయు ప్రక్కభూమినుండి సుమారు 20 అడుగులు వాయవ్యమునకు జరిగెను. ఏ భూమి కదలిక తొలి నివాసమును హరించినదో, ఆ కదలిన భూమిపైననే కేంద్రము తుదకు స్థిరపడినది.

1913, 1914 ప్రాంతమున మార్కోని సంస్థవారు బొలినాస్ అను గ్రామముచెంత వార్తలు పంపు కేంద్రమును, టొమాలిస్ అఖాతపుటొడ్డున మార్షల్ అనుచోట వార్తలు వినెడి కేంద్రమును నిర్మించి హవాయి ద్వీపములతో సంబంధ మేర్పఱచిరి. 1919లో ఏర్పడిన ఆర్.సి.ఎ. సంస్థ ఇవన్నియు స్వీకరించెను. పాయింట్ రేయిస్ భవనము 1930 ప్రాంతమున లేచినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము కె.పి.హెచ్. ఆపరేటర్లు దానిలో ప్రవేశించిరి. పంపుచోటు బొలినాసు, వినుచోటు పాయింట్ రేయిసు. రెంటికిని నడుమ సుమారు 20 మైళ్లు. ఇంత యెడ మెందుకన, పంపు యంత్రము ప్రక్కనున్నచో దాని హోరున దూరపునౌకల సన్ననిగొంతు వినబడదు.

తీరకేంద్రపు పని పలుకుటయని లోకు లనుకొందురు. నిజమునకు అధికభాగము వినుటయే. ఆపద్వార్తలకు 500 కిలోహెర్ట్జుల స్థానము ప్రపంచమంతట నిర్ణయింపబడియుండెను. ప్రతిగంటయందును 15వ నిమిషమునుండి 18వ నిమిషము వరకు, మరల 45 నుండి 48 వరకు, ఆ స్థానమున ఎల్లరును మౌనము వహించి వినవలెనని నియమము. రేడియోగదుల గడియారములపై ఈ రెండు భాగములు ఎఱ్ఱరంగుతో గుర్తింపబడియుండెడివి. ఎక్కడనో మునుగుచున్న నౌకయొక్క బలహీనమైన పిలుపు ఆ మూడు నిమిషములలోనైన వినబడునని ఆశ. 1912 ఏప్రిలులో టైటానిక్ మునిగిన రాత్రి సమీపమునందే యున్న కాలిఫోర్నియన్ నౌకలో ఆపరేటరు ఒక్కడే. అతడు యంత్రము కట్టి నిద్రించెను. పిలుపు వినబడవలసిన చెవికి వినబడలేదు. ఇటువంటి అనుభవములనుండియే ఎడతెగక వినవలెనను నియమము పుట్టినది.

మోర్సు సంకేతమున చుక్క, గీత అని రెండే రూపములు. వినువానికి ఇవి రూపములు కావు, కాలములు. చుక్క ఒక మాత్ర యైనచో గీత మూడు మాత్రలు. అనగా ఒకటి హ్రస్వము, వేఱొకటి ప్లుతము. నడుమ దీర్ఘమునకు తావులేదు. ఒకే అక్షరములోని ధ్వనుల నడుమ మౌనము ఒక మాత్ర, అక్షరముల నడుమ మూడు, పదముల నడుమ ఏడు. ఈ లెక్కను కె.పి.హెచ్. అను పిలుపు మొత్తము 33 మాత్రలు పట్టును. పాణిని సూత్రమున కాలభేదములకు ఉదాహరణముగా కోడికూత నేర్చిన విద్యార్థులకు ఈ లెక్క సులభముగనే బోధపడును. అయినను కాగితముపై చుక్కలు, గీతలు వల్లించినవాడు ఆపరేటరు కాజాలడు. ధ్వని చెవి సోకగానే, లెక్కతో పనిలేక, అక్షరము మనస్సున తోచవలెను. అనుభవజ్ఞుడు పంపువాని హస్తపు తీరునుబట్టి వాడెవడో పోల్చుకొనగలడు. ఇది ముఖతః నేర్చెడి విద్యయే కాని గ్రంథమునుండి వచ్చునది కాదు. కావున మూతపడిన కేంద్రమున రక్షింపవలసినవి రెండు: యంత్రమొకటి, దానిని వినగల చెవి యొకటి. రెండవదానిని గాజుపెట్టెలో నుంచుట సాధ్యము కాదు.

ఉపగ్రహములు వచ్చినవి. నౌకలు మోర్సును విడిచినవి. అమెరికా తీరరక్షకదళము 1995లోనే ఆ సంకేతమును మానెను. కె.పి.హెచ్. 1997 జూన్ 30వ తేదీన వేఱు సంస్థవారి వశమై, పాయింట్ రేయిస్ భవనమున ఆపరేటర్ల పని నిలిచెను. 1999 ఫిబ్రవరి 1వ తేదీనుండి నౌకల ఆపద్రక్షణకు క్రొత్త పద్ధతి పూర్ణముగా అమలులోనికి వచ్చెను. అదే యేట జూలై 12వ తేదీన, శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణముననున్న హాఫ్‌మూన్ బే కేంద్రమునుండి అమెరికా వాణిజ్య మోర్సు తుదివార్త పంపబడెను. 1844లో మోర్సు వాషింగ్టన్ నుండి బాల్టిమోరునకు పంపిన బైబిలువాక్యమునే ఆ వార్త తుదిని మరల పలికిరి. తంతి వచ్చినదనగానే ఇంటిల్లిపాది గుండె ఝల్లుమనుట తెలుగుదేశపు పెద్ద లెఱిగినదే. ఆ తంతియు మన దేశమున 2013 జూలైలో ముగిసినది.

తుదివార్త వెలువడిన ఆ 1999లోనే రేడియో విద్యాభిమానులైన ఇద్దఱు మిత్రులు పూనుకొనగా సముద్ర రేడియో చరిత్ర సంఘము ఏర్పడెను. భవనములున్న భూములు పాయింట్ రేయిస్ జాతీయ సముద్రతీరవనపు పాలనలోనివి. ఆ యధికారుల సమ్మతిని పొంది, పూర్వము అచ్చట పనిచేసిన ఆపరేటర్లను కొందఱిని కూడగట్టుకొని, వారు పనికి దిగిరి. పని సులభమైనది కాదు. పాయింట్ రేయిసు గాలికిని మంచునకును పేరువడినచోటు. ఉప్పుతేమ లోహమును తినివేయును, స్తంభములు ఒరగును, తీగలు తెగును. పంపు యంత్రములు ఎన్నియో దశాబ్దముల క్రిందటివి; వానిలోని శూన్యనాళములు నేడు అంగడిలో దొరకవు; వానియందలి విద్యుత్పీడనము ఏమఱినవానిని చంపగలిగినంతటిది. ఒక యంత్రపు శిథిలభాగము మఱొకదాని ప్రాణమగును. సముద్రముమీద ఎన్నడును పనిచేయని వారు సయితము వృద్ధ ఆపరేటర్ల ప్రక్కన కూర్చుండి ఈ విద్య నభ్యసించిరి.

తుదివార్త వెలువడిన ఒక సంవత్సరము మీద ఒక్క నిమిషమునకు, 2000 జూలై 12వ తేదీ సాయంకాలమున, కె.పి.హెచ్. తన పాతస్థానములలో మరల పలికెను. మోర్సు ఆగిపోయినది ఒక్క యేడు మాత్రమేయని చెప్పుటకో యన్నట్లు ఆ నిమిషమును వారు ఎంచిరి. నాటినుండి ఆ దినమును రాత్రులలో రాత్రి యను పేర ఏటేట జరుపుచున్నారు. ఏటి కొకమాఱు పండుగచేసి తలుపులు మూయుటతో వారు తృప్తిపడలేదు. స్వీడన్ దేశమున గ్రిమెటన్ కేంద్రము 2004లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. అచ్చటి పాతయంత్రమును ఏటికి కొన్ని దినములు మాత్రమే నడపుదురు. అదియు శ్లాఘ్యమే. పాయింట్ రేయిసునందైతే శనివారపు పని వాడుకయైనది: నౌకలకు పిలుపులు, వాతావరణవార్తలు, లోకవార్తలు వెనుకటి క్రమముననే పంపుదురు. కె.ఎస్.ఎం. అను పేర తమ స్వంత తీరకేంద్రమునకును ప్రభుత్వానుజ్ఞను సంపాదించిరి.

ఇచ్చట ఒక యాక్షేపము కలదు. వినుటకు నౌకలు లేవు. రక్షింపబడవలసినవారు వేఱుమార్గమున రక్షింపబడుచున్నారు. ఇక ఈ పలుకుట యెవరికొఱకు? ఇది బొమ్మకొలువు కాదా? ఆక్షేపము తేలికగా త్రోసివేయదగినది కాదు. పతంజలి మహాభాష్యారంభమున ఇట్టి ప్రశ్ననే యెత్తికొనెను. లోకమున ప్రయోగములేని శబ్దములను శాస్త్రము ఏల చెప్పవలెనని ప్రశ్న. దీర్ఘసత్రముల దృష్టాంతము సమాధానము: నూఱేండ్లు, వేయేండ్లు సాగు సత్రములను ఈ కాలమున ఎవరును చేయుటలేదు, అయినను యాజ్ఞికులు సంప్రదాయము తెగకుండ వానిని శాస్త్రమున చెప్పుచునే యున్నారు. అయితే ఆ దృష్టాంతము పాయింట్ రేయిసువారికి పూర్తిగా సరిపోదు. యాజ్ఞికులు సత్రమును చెప్పుటతో ఆగిరి. వీరు చేసియే చూపుచున్నారు. పూర్వపు టాపరేటరు చేతినుండి క్రొత్తవాని చెవికి విద్య చేరుటకు ఇతరమార్గము లేదు గనుక ఆ చేయుట అవసరము. ఆ వృద్ధులు ఏటేట తఱుగుచున్నారు. గతించిన ఆపరేటరును రేడియో విద్యావంతులు మౌనించిన మీట యని వ్యవహరింతురు. యంత్రమునకు వేఱొక యంత్రపు భాగము దొరకవచ్చును. మౌనించిన మీటకు బదులు దొరకదు.

వినువారు లేరనుటయు నిజము కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో రేవున భద్రపఱుపబడియున్న యుద్ధకాలపునౌక జెరిమయా ఓబ్రియన్ యొక్క రేడియోగదిలో కూర్చుండు స్వచ్ఛందసేవకులు కె.పి.హెచ్.తో మాటలాడిన సందర్భములు కలవు. వాణిజ్యస్థానములలో పలుకుటకు అనుజ్ఞలేని సామాన్యులకొఱకు కె6కె.పి.హెచ్. అను ఔత్సాహిక కేంద్రము నొకదానిని సంఘమువారు ప్రక్కన నడపుచున్నారు. దూరమున ఇంటిలో కూర్చుండి వాణిజ్యస్థానమున కె.పి.హెచ్. పిలుపు విన్నవాడు, ఔత్సాహికస్థానమున తన పేరును, వినబడిన తీరును తెలుపును. పాయింట్ రేయిసు భవనమున ఆపరేటరు చెవిగొట్టములు సవరించుకొని, ఆ పేరును వ్రాసికొని, మరల వినుటకు వంగును.