డేరాలలో శీతకాలం

చలిదేశాల ప్రజలలో కొందరు శీతకాలం రాగానే ఇంటికి తాళం వేసి వెచ్చని ప్రాంతాలకు తరలిపోతారు. మోటారు వచ్చిన తరువాత వారు ఇంటినే చక్రాల మీద నడిపించసాగారు. 1919లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో, టాంపా నగరంలో, ఇట్టి సంచారులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. డబ్బాలలో నిలవచేసిన ఆహారం వెంట తెచ్చుకొని, కారు ప్రక్కనే డేరా వేసుకొని కాలం గడిపే వీరికి ‘రేకుడబ్బా యాత్రికులు’ అని పేరు వచ్చినది.

వీరు చలికి వెరచి ఇల్లు కదిలించారు. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో వెరవవలసినది చలికి కాదు, ఎండకూ జ్వరానికీను. అందుచేత ఇక్కడ సంచార గృహం మరొక దారి పట్టినది. విశ్రాంతికి గాక పనికోసం, శీతకాలమంతా డేరాలలో కాపురం చేసిన వారి చరిత్ర మనకున్నది. ఈ భూమిని గురించి మనకు తెలిసినదానిలో చాలాభాగం ఆ డేరాలలోనే వ్రాయబడినది.

ముందుగా ఇక్కడి ఋతువులను గమనించాలి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనం వానలు కురిపిస్తుంది. తుపానులు వచ్చినప్పుడు స్వర్ణముఖి వంటి ఏరులు పొంగి బండ్లదారులు తెగిపోతాయి. ఈ రెండింటి నడుమ, జనవరి నుండి మార్చి వరకు, సంచారానికి అనువైన కాలం. అప్పటికి చెరువులలో నీరుంటుంది, ఎద్దులకు మేత దొరుకుతుంది, రాత్రులు చల్లగా ఉంటాయి. శేషాచలం అడవులలో ఆకు రాలిపోవటం వలన శిలలు స్పష్టంగా కనబడతాయి.

డేరా కూడ ఆలోచించి చేసిన సాధనమే. మంచి డేరాకు రెండు కప్పులు ఉండేవి. పై కప్పు ఎండను భరిస్తుంది. రెండింటి నడుమనున్న గాలి మంచి ఉష్ణవాహకం కాదు. పైగా అది వేడెక్కి ప్రక్కలనుండి వెలుపలికి పోతూ ఉంటుంది. కనుక లోపలి కప్పు అంతగా కాగదు. ఎద్దుబండి నెమ్మదిగానే నడుస్తుంది. అందుచేత ఒక డేరాలో మనుషులు నిద్రించుచుండగా మరొక డేరా రాత్రికి రాత్రే ముందు మకాముకు సాగిపోయేది. డేరాలు ఎత్తి దించిన ఖలాసీలు, బండివాళ్లు, దారి చూపిన పల్లెవాసులు లేనిదే ఈ సంచారం ఒక్కరోజు కూడ సాగేది కాదు. నివేదికలలో వీరి పేర్లు కనబడటం అరుదు.

దత్తమండలాలకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో తన కాలంలో చాలాభాగం డేరాలలోనే గడిపాడు. మదనపల్లె ప్రాంతం ఆనాడు ఈ దత్తమండలాలలోనిదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేరినది. భూమిని కొలిపించి శిస్తు నిర్ణయించటం కచేరీలో కూర్చుండి చేసే పని కాదు. మన్రో చివరకు గవర్నరు హోదాలో పర్యటిస్తూ, 1827 జులై 6న పత్తికొండ మకాములో కలరాతో మరణించాడు.

ఋతువును లెక్కచేయకుంటే ఏమవుతుందో సర్వే శాఖకు అంతకుముందే అనుభవమైనది. వాన కడిగిన గాలిలో దూరపు గురుతులు స్పష్టంగా కనబడతాయి. కనుక త్రికోణమితి సర్వే దళాలు వానకాలంలోనే బయలుదేరేవి. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో జార్జి ఎవరెస్టు దళంలో పెక్కుమంది జ్వరాల పాలయ్యారు. ఎవరెస్టు సైతం జబ్బుపడి, ఆరోగ్యంకోసం ఆఫ్రికా దక్షిణాగ్రానికి వెళ్లవలసి వచ్చినది. ఆ కాలంలో ఇట్టి జ్వరాలను అడవిలోని చెడుగాలికి అంటగట్టేవారు. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని 1897లో సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ కనుగొన్నాడు. కారణం తెలియకమునుపే అనుభవం మనుషులకు పొడికాలం మేలని నేర్పినది.

ఈ పాఠం బాగా ఉపయోగపడినది భూగర్భ శాస్త్రజ్ఞులకు. 1851లో ఏర్పడిన భారత భూగర్భ సర్వే శాఖలో ఏడాది రెండు భాగాలుగా నడిచేది: శీతకాలమంతా డేరాలలో క్షేత్రకార్యం, తక్కిన కాలం కార్యాలయంలో పటాలు, నివేదికలు. కడప శిలాద్రోణి విస్తీర్ణం సుమారు 44,000 చదరపు కిలోమీటర్లు. తిరుపతి కొండలు దాని దక్షిణపు అంచు. విలియం కింగ్ ఈ ద్రోణిని గురించిన తన గ్రంథాన్ని 1872లో వెలువరించి, శిలలను పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అను నాలుగు వర్గాలుగా విభజించాడు. విమానచిత్రాలు లేని ఆ రోజులలో ఇందుకు కాలినడక, గుర్రం, సుత్తి, దిక్సూచి ఇవే ఆధారాలు.

ఆ శ్రమఫలాన్ని తిరుమలకు వెళ్లేవారు నేడు బస్సులోనుండే చూడవచ్చును. 1944లో ఘాట్ రోడ్డు ఏర్పడినది. ఆ కొండదారిలో అడుగున గ్రానైటు, దానిపై పొరలు పొరలుగా నగరి క్వార్ట్‌జైటు కనబడతాయి. ఈ రెండూ ఆనుకొని ఉన్నట్లే తోచినా వాటి వయస్సుల నడుమ పదుల కోట్ల సంవత్సరాల అంతరం ఉన్నది. ఆ మధ్యకాలపు శిలాచరిత్ర ఇక్కడ కోతకు పోయినది, లేదా నిక్షేపమే కాలేదు. శాస్త్రజ్ఞులు దీనిని విషమవిన్యాసం అంటారు. భారత భూగర్భ సర్వే శాఖ దీనిని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించినది.

నేడు ఎద్దుబండ్లకు మారుగా జీపులు వచ్చినవి, ఆకాశంనుండి ఉపగ్రహాలు చిత్రాలు పంపుతున్నవి. అయినను ఆ శాఖ తన ఏటి పనిని ఇప్పటికీ ‘ఫీల్డ్ సీజన్’ అనే పేరుతోనే లెక్కిస్తున్నది. చిత్రంలో గీతగా కనబడేది ఏ శిలయో తేల్చవలెనంటే ఎవరో ఒకరు అక్కడికి నడిచి వెళ్లి, సుత్తితో ముక్క కొట్టి చూడవలసిందే. అందుకు తగిన వేళను మాత్రం ఈనాటికీ ఋతువులే నిర్ణయిస్తున్నవి.