వెండి మీద ఎవరి ముద్ర?

జార్ల కాలపు రష్యన్ వెండి చెంచాను తిరగేస్తే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ కాడ మీదే కనిపిస్తాయి. 84 అనే అంకె స్వచ్ఛతకు గుర్తు, అంటే వెయ్యికి 875 పాళ్లు. పక్కనే పరీక్ష జరిగిన నగరం చిహ్నం, పరీక్షాధికారి పొడి అక్షరాలు, చేసినవాడి పేరు. ఆలూరు, ఆదోని ఇళ్లలోని పాత కడియాలకు ఇంత జాతకం లేదు. ఇక్కడ ముద్రలన్నీ నాణెం మీదే పడ్డాయి.

1688లో ఔరంగజేబు సేనలు సిద్ది మసూద్ ఖాన్ నుంచి ఆదోని కోటను గెలిచాక ఊరు ఇంతియాజ్‌గఢ్ అయింది. ఆ పేరుతోనే ఇక్కడి టంకశాల నాణేలు వెలువడ్డాయి. అయితే రాజముద్ర చూసి షరాబులు ఊరుకునేవారు కాదు. తూచి, పరీక్షించి, సరేననుకుంటే పువ్వో చుక్కో ఒక చిన్న పోటు పొడిచేవారు. అరిగినదైతే వట్టం (మారకపు తరుగు) కోసేవారు. నా మటుకు మన వెండికి అసలైన హామీ ముద్ర ఆ పోటే. పాత రూపాయల మీద అవి కనిపిస్తే నాణెం పాడైందని పారేసేవాళ్లున్నారు. నిజానికి అది ఎన్ని చేతుల పరీక్షకు నిలిచిందో చెప్పేవి అవే.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ధారపోశాడు. 1835లో ఒకే రూపాయి వచ్చింది: తులం బరువు, అందులో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. ఇక షరాబు పోటుతో పని తీరింది. అగసాలె (కంసాలి) చేతికి రూపాయలిచ్చి కడియాలు చేయించుకుంటే తూకానికీ నాణ్యతకూ రూపాయే కొలమానం. అతని పేరు కొట్టించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పేరు కొట్టింది మద్రాసులోని పి. ఓర్ అండ్ సన్స్ లాంటి దొరల దుకాణాలు, దేవతామూర్తులు చెక్కిన ‘స్వామి’ వెండి పాత్రల మీద. చెక్కిన చేతులు ఇక్కడి కంసాలులవి, పేరు దుకాణానిది. లండన్‌లో లాంటి చట్టబద్ధమైన పరీక్ష మద్రాసులో లేదు కాబట్టి ఆ పేరు చూసి వెండి పాలు లెక్కకట్టలేం.

1876-78 ధాత కరువులో రైతుల వెండి విపరీతంగా అమ్ముడుపోయి బొంబాయి టంకశాలలో కరిగిపోయింది. అప్పటి బళ్లారి జిల్లా (ఆదోని, ఆలూరు అందులోవే) బాగా దెబ్బతిన్న ప్రాంతం. పాత సొమ్ములు అరుదు కావడానికి అదొక కారణం. 1940లో రూపాయిలో వెండి సగానికి తగ్గాక ఆ కొలమానమూ పోయింది.

వెండికి బీఐఎస్ హాల్‌మార్క్ 2005లో వచ్చింది. 2025 సెప్టెంబరు నుంచి, ఐచ్ఛికంగానే అయినా, ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య కూడా వేస్తున్నారు. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే దుకాణం, పరీక్షా కేంద్రం తెలుస్తాయి. చేసినవాడి పేరు మాత్రం ఇప్పటికీ లేదు. ఇంట్లో అవ్వ కాలం నాటి వెండి ఉంటే మార్పిడికి వేసే ముందు భూతద్దం పెట్టి వెనకవైపు ఒకసారి చూడండి; ముద్ర ఉంటే గట్టిగా తోమి అరగదీయకండి.