సర్వీస్ సెంటర్ ఇచ్చిన కారుకి సొట్ట పడితే ఎవరు కట్టాలి? తాళం తీసుకునే ముందే ఇవి చూసుకోండి!

కారు రిపేర్‌కి ఇస్తే నాలుగైదు రోజులు పడుతుందన్నారు. ఇంతలో ఆఫీసుకి వెళ్లాలి, పిల్లల్ని స్కూల్లో దింపాలి. "అప్పటిదాకా ఈ బండి వాడుకోండి సార్" అంటూ సర్వీస్ సెంటర్ వాళ్లు ఇంకో కారు తాళం చేతిలో పెడతారు. దీన్నే కర్టసీ కారు అంటారు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ వైపు ఉండేవాళ్లకి ఇది కొత్తేం కాదు. బండికి అద్దె ఉండదు. కానీ దానికి దెబ్బ తగిలితే బిల్లు మాత్రం ఉంటుంది. ఆ బిల్లు ఎంతన్నది చాలాసార్లు మీరు చదవకుండా సంతకం పెట్టే కాగితమే తేలుస్తుంది.

ముందు ఒక విషయం. మన దగ్గర మోటార్ ఇన్సూరెన్స్ బండికి ఉంటుంది, డ్రైవర్‌కి కాదు. మీ సొంత కారు పాలసీ ఎంత పెద్దదైనా కర్టసీ కారుకి పనికిరాదు. ఆ కారుకి ఉన్న పాలసీయే లెక్క.

ఎక్సెస్ అంటే ఏంటి?

క్లెయిమ్ చేసినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వకుండా మన జేబు నుంచి కట్టించే మొదటి మొత్తమే ఎక్సెస్. మన పాలసీల్లో దీన్ని డిడక్టబుల్ అని రాస్తారు. ఇందులో రెండు రకాలు ఉన్నాయి.

తప్పనిసరి డిడక్టబుల్: 1500 సీసీ వరకు ఉన్న ప్రైవేట్ కారుకి రూ.1,000, అంతకు మించితే రూ.2,000.

వాలంటరీ డిడక్టబుల్: ప్రీమియం తగ్గించుకోవడానికి బండి ఓనర్ తానే ఒప్పుకున్న అదనపు మొత్తం. రూ.2,500 నుంచి రూ.15,000 దాకా ఉండొచ్చు. ప్రతి క్లెయిమ్‌లోనూ ఇది కూడా కట్ అవుతుంది.

కాబట్టి ఫారంలో "ఎక్సెస్ కస్టమర్‌దే" అని మాత్రమే ఉంటే ఆగండి. ఎంత అని అడగండి. అంకె రాయించుకోండి. ఎందుకంటే ఆ ఒక్క మాట కింద తరుగుదల, పోయిన నో క్లెయిమ్ బోనస్, బండి షెడ్‌లో ఉన్న రోజుల నష్టం కూడా కలిపేసే వీలుంది. ఇవేవీ ఎక్సెస్ కావు.

రూ.18,000 బిల్లులో మీ వాటా ఎంత?

ఉదాహరణకి ఒక లెక్క చూద్దాం. ఏడాదిన్నర వయసున్న 1200 సీసీ కారు. ఉప్పల్ రింగ్ రోడ్ దగ్గర ట్రాఫిక్‌లో ముందు బండికి తగిలింది. బంపర్ రూ.6,000, ఫెండర్ రూ.4,000, పెయింటింగ్ రూ.6,000, లేబర్ రూ.2,000. మొత్తం రూ.18,000 (జీఎస్టీ పక్కన పెడదాం).

మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు పార్టులకి 50 శాతం తరుగుదల తీసేస్తారు. అంటే బంపర్ మీద రూ.3,000. ఇనుప పార్టులకి బండి వయసును బట్టి ఉంటుంది, ఏడాది నుంచి రెండేళ్ల మధ్య అయితే 10 శాతం. ఫెండర్ మీద రూ.400. పెయింటింగ్ బిల్లులో 25 శాతాన్ని రంగు ఖరీదుగా లెక్కేసి, అందులో సగం తీస్తారు. అది రూ.750. వీటికి డిడక్టబుల్ రూ.1,000 కలపండి.

జేబు నుంచి పోయేది: రూ.5,150
కంపెనీ ఇచ్చేది: రూ.12,850

అదే కారుకి జీరో డెప్ ఉంటే కట్టాల్సింది డిడక్టబుల్ రూ.1,000 మాత్రమే. అసలు క్లెయిమే వేయకుండా "మొత్తం మీరే కట్టండి" అంటే రూ.18,000. ఒకే సొట్ట, మూడు బిల్లులు! క్లెయిమ్ వేస్తే ఆ బండి నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అందుకే చిన్న దెబ్బలకి ఓనర్లు క్లెయిమ్ వద్దనుకుంటారు. అలాంటప్పుడు మీరు ఎంతవరకు కట్టాలో ముందే కాగితం మీద ఉండాలి.

ఇంకో ముప్పు.. చట్టప్రకారం తప్పనిసరి అయ్యింది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే. ఆ బండికి అదొక్కటే ఉంటే సొంత డ్యామేజీకి పైసా రాదు.

పాలసీ ఉన్నా రానివి

టైరు: గుంతలో పడి టైరు ఒక్కటే కోసుకుపోతే మామూలు పాలసీలో రాదు. అదే దెబ్బకి బండి కూడా దెబ్బతింటేనే, అదీ 50 శాతం వరకే. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. వరంగల్ హైవే మీద రోజూ తిరిగినవాళ్లకి ఈ రూల్ విలువ బాగా తెలుస్తుంది.

నీళ్లు: రోడ్డు మీద నిలిచిన నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజిన్ పట్టేస్తుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేకపోతే ఈ క్లెయిమ్ సాధారణంగా తిరస్కరిస్తారు. ఆగిపోతే తాళం తిప్పకండి. టోయింగ్ పిలవండి.

మీకు దెబ్బ తగిలితే: థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఎదుటివాళ్ల కోసం. కర్ణాటకకి చెందిన ఒక కేసులో, అరువు తెచ్చుకున్న బైక్ మీద వెళ్తూ ప్రమాదంలో చనిపోయిన వ్యక్తి గురించి సుప్రీంకోర్టు 2009లో తీర్పిచ్చింది. బండి అడిగి తీసుకున్నవాళ్లు ఓనర్ స్థానంలోకి వస్తారని చెప్పింది. అంటే థర్డ్ పార్టీ కింద వాళ్లకి పరిహారం రాదు. ఓనర్ కమ్ డ్రైవర్‌కి ఉండే రూ.15 లక్షల ప్రమాద బీమా కూడా కంపెనీ పేరు మీద ఉన్న కారుకి వర్తించదు. మీ పేరు మీద విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంటే మంచిది.

తాళం తీసుకునే ముందు ఐదు పనులు

1. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాపీ ఫోన్‌లో తీసుకోండి. కాంప్రహెన్సివ్ పాలసీయా, జీరో డెప్ ఉందా, డిడక్టబుల్ ఎంత.. ఈ మూడూ చూడండి.

2. నంబర్ ప్లేట్ చూడండి. తెల్ల ప్లేట్ ఉన్న ప్రైవేట్ కారుకి అద్దె వసూలు చేస్తే పాలసీ నిబంధన దాటినట్టే, క్లెయిమ్ ఆగిపోవచ్చు. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కార్లకి నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలు ఉంటాయి.

3. అక్కడి ఉద్యోగి పక్కన ఉండగానే బండి చుట్టూ వీడియో తీయండి. బంపర్ అంచులు, అలాయ్ వీల్స్, విండ్‌షీల్డ్, మీటర్ రీడింగ్, ఫ్యూయల్ ముల్లు కనిపించాలి. పాత గీతలు ఫారంలో రాయించండి. తిరిగిచ్చేటప్పుడు మళ్లీ ఇదే పని.

4. ఎవరు నడపొచ్చో అడగండి. ఫారంలో మీ పేరు ఒక్కటే ఉంటే తమ్ముడికో, బావమరిదికో ఇవ్వకండి. లైసెన్స్ లేనివాళ్లు, మందు తాగినవాళ్లు నడిపితే క్లెయిమ్ గల్లంతే.

5. ఖాళీ ఫారం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం వద్దు. డిపాజిట్ ఇస్తే రసీదు తీసుకోండి.

ప్రమాదం జరిగితే?

ఫొటోలు తీసి వెంటనే సర్వీస్ సెంటర్‌కి చెప్పండి. క్లెయిమ్ వేయాల్సింది బండి ఓనరే. సర్వేయర్ చూడకముందే రిపేర్ మొదలుపెడితే క్లెయిమ్‌కి చిక్కు. ఎవరికైనా గాయమైతే ముందు ఆస్పత్రి, తర్వాత ఆ పరిధిలోని ఉప్పల్ లేదా నాచారం పోలీస్ స్టేషన్. రోడ్డు మీదే డబ్బులిచ్చి సెటిల్ చేసుకోకండి.

బిల్లు ఎక్కువ వేశారా?

పార్టులు, లేబర్, తరుగుదల విడివిడిగా రాసిన బిల్లు, సర్వేయర్ రిపోర్ట్ అడగండి. కాంట్రాక్ట్ చట్టం (1872) సెక్షన్ 151, 152 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకున్నవాళ్ల మీద నష్టం పడదు. పార్క్ చేసి ఉన్న బండిని ఇంకెవరో గుద్ది వెళ్తే ఈ పాయింట్ పనికొస్తుంది. "వేరే ఒప్పందం" అంటే మీరు సంతకం పెట్టిన ఫారమే, అందుకే అది చదవాలి. ఫారంలో భారీ మొత్తం రాసి ఉన్నా, సెక్షన్ 74 ప్రకారం దక్కేది దానికి మించని సమంజసమైన పరిహారమే.

మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీ సొంత ఇన్సూరెన్స్ కంపెనీతో తగువైతే ముందు ఆ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. ఐఆర్‌డీఏఐ టోల్ ఫ్రీ నంబర్ 155255.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. పాలసీని బట్టి షరతులు మారతాయి. మీ చేతికిచ్చిన బండి పాలసీ కాపీ చదివాకే నిర్ణయం తీసుకోండి.