5:21:10

మాదాపూర్‌లో కోడ్ రాసుకునే నాలాంటివాళ్లకి మన టైమ్ జోన్ అంటే 5:30. ఒకసారి 1900 నాటి తేదీ ఒకటి ప్రోగ్రామ్‌లో వేస్తే గ్రీనిచ్‌తో తేడా 5:21:10 అని వచ్చింది. బగ్ అనుకున్నాను. కాదు, అది మద్రాసు టైమ్. చాలా కంప్యూటర్లు వాడే టైమ్ జోన్ డేటాబేస్‌లో 1906 జనవరి 1కి ముందు 36 ఏళ్ల పాటు మన లెక్క అదే. ఆ 5:21:10ని డిగ్రీల్లోకి మారిస్తే 80కి కాస్త పైన తేలుతుంది. అదే మద్రాసు రేఖాంశం.

ఈ లెక్కకి మూలం వెతికితే విలియం పెట్రీ కనిపిస్తాడు. ఈస్టిండియా కంపెనీ దొర, మద్రాసు కౌన్సిల్ సభ్యుడు. 1786లో ఎగ్మూర్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు. 1789లో ఇంగ్లండ్ వెళ్తూ టెలిస్కోపులు, గడియారాలు కంపెనీకి ఇచ్చేశాడు. 1792లో నుంగంబాక్కంలో వాటికి భవనం లేచింది. కంపెనీకి నక్షత్రాల మీద అంత ప్రేమేం లేదు. కోరమాండల్ తీరాన ఓడలు నడవాలంటే మ్యాపులు కావాలి, మ్యాపుకి రేఖాంశం కావాలి, రేఖాంశానికి కచ్చితమైన టైమ్ కావాలి. భవనం కట్టించిన మైకేల్ టాపింగ్ మన తీరం సర్వే చేసినవాడే. 1796లో మచిలీపట్నంలో పోయాడు.

పెట్రీ తిరిగొచ్చి 1807లో కొన్ని నెలలు తాత్కాలిక గవర్నర్‌గా చేశాడు. 1809లో ఆదాయం తగ్గించారని కంపెనీ సైనికాధికారులు తిరగబడ్డారు. మచిలీపట్నంలో తమ కమాండర్‌నే నిర్బంధించారు, సికింద్రాబాద్‌లోని అధికారులూ గొంతు కలిపారు. గవర్నర్ బార్లో కఠినంగా అణచాలన్నాడు. పెట్రీ ఒప్పుకోలేదు. తన అసమ్మతిని గవర్నర్ జనరల్ మింటోకి రాసిచ్చాడు. 1810లో అది అచ్చయింది కూడా.

ఆయన పరికరాలు చేరిన అబ్జర్వేటరీలో ఒక గ్రానైట్ స్తంభం ఉంది. దాని మీద లాటిన్‌తో పాటు తమిళంలోనూ తెలుగులోనూ చెక్కించారు. ఆసియాలో గణితశాస్త్రాల్ని మొదట నాటింది బ్రిటిష్ ఔదార్యమేనని వెయ్యేళ్ల తర్వాతి వాళ్లకి తెలియాలన్నది ఉద్దేశం.

మొదటనా? అప్పటికి పాతికేళ్ల కిందటే ఫ్రెంచి ఖగోళవేత్త లె జాంతీ పుదుచ్చేరిలో ఒక తమిళ గణకుడి పనితనం చూసి ఆశ్చర్యపోయాడు. గవ్వలు జరుపుతూ, కాగితం ముట్టకుండా గ్రహణం గణించాడు ఆయన. 1765 ఆగస్టు 30 చంద్రగ్రహణం ఎంతసేపు ఉంటుందన్న లెక్కలో ఆ పద్ధతికి 41 సెకన్ల తేడా వస్తే, యూరప్‌లో పేరుమోసిన మేయర్ పట్టికలకి 68 సెకన్లు వచ్చింది.

పెట్రీ ఇచ్చింది గొప్ప కానుకే, కాదనను. మన గడియారాలు దానికి రుణపడే ఉన్నాయి. అంతమాత్రాన రాయి మీది గొప్ప నిజమైపోదు. ఆ తెలుగు అక్షరాలు ఎవరి కోసం చెక్కారో ఆ పాఠకుల్లో మనమూ ఉన్నాం. చదివి ఊరికే తలూపక్కర్లేదు. కౌన్సిల్లో పెట్రీ కూడా ఊపలేదు కదా.