‘అను’ చుట్టూ: తెలుగులో మానసిక చికిత్స, కొన్ని పరిశీలనలు

ఆమె గుండె డాక్టరు దగ్గర్నుంచి నా దగ్గరికి వచ్చింది. ఈసీజీ, ఎకో రెండూ నార్మల్. దడ మాత్రం తగ్గలేదు. వయసు నలభై దాటింది. (గుర్తుపట్టే వీల్లేకుండా వివరాలు మార్చాను.) కుర్చీ అంచున కూర్చుని, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, అరగంటసేపు దడ గురించీ నిద్రపట్టకపోవడం గురించీ చెప్పి చివర్లో అంది: “నేను దేనికీ పనికిరానిదాన్నండీ.” ఆ రోజు ఫైల్లో నేను రాసుకున్నది ఒక్క మాట, అదీ ఇంగ్లీషులో: వర్త్‌లెస్‌నెస్. లక్షణం దొరికింది. ఆ మాట ఎవరిదో మాత్రం రాసుకోలేదు.

రెండోసారి వచ్చినప్పుడు అడిగాను: “ఎవరన్నారమ్మా ఆ మాట?”

చాలాసేపు ఊరుకుంది. “ఇప్పుడెవరూ అనట్లేదండి. కాపురానికొచ్చిన కొత్తల్లో మా అత్తగారు అనేవారు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు నాకే అనిపిస్తుంది.”

ఈ వ్యాసం ఆ జవాబులోని క్రియ గురించి. తెలుగులో ‘అను’ అంటే పలకడం. కానీ ‘నన్ను అన్నాడు’ అంటే తిట్టాడనే అర్థం. “నన్నేమన్నా అను, మా అమ్మని అనకు” అనే మాట వినని ఇల్లుండదు. అదే ధాతువుకు ‘కొను’ చేరితే ‘అనుకోవడం’, అంటే తనతో తాను అనడం. ఆలోచనకు మనం వాడుకలో పెట్టుకున్న పేరు అదే. ప్రేరణార్థకం చేస్తే ‘అనిపించడం’: ఏదో ఒకటి లోపలినుంచి అనేలా చేస్తోంది. రెండూ కలిస్తే ‘అనిపించుకోవడం’: మంచి కోడలనిపించుకోవాలి. చివర ‘ట’ తగిలిస్తే మాట పరాయిదైపోతుంది: ‘పనికిరానిదాన్నట.’ ఊరివాళ్ళ నోటినుంచి మనిషి లోపలికి మాట నడిచొచ్చే దారంతా ఒక్క ధాతువులో పరుచుకుని ఉంది. పిల్లలు మొదట బయట విన్న మాటలే క్రమంగా లోపలి మాటలుగా, ఆలోచనగా మారతాయని మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ 1934లో రాశాడు. తెలుగు వ్యాకరణం ఆ సంగతిని ఎప్పుడో ఒప్పుకున్నట్టుంది.

1960లలో ఫిలడెల్ఫియాలో మనోవైద్యుడు ఆరన్ బెక్, దిగులుతో వచ్చిన రోగుల మనసులో చటుక్కున మెదిలే ఆలోచనలను గమనించి కాగ్నిటివ్ థెరపీకి పునాది వేశాడు. ఆ చికిత్సలో మొదటి మెట్టు, వచ్చిన ఆలోచననూ నిజాన్నీ విడదీసి చూడటం. ‘నేను పనికిరాను’ అనేదాన్ని ‘నేను పనికిరాననే ఆలోచన నాకు వస్తోంది’గా మార్చి చెప్పమని ఇంగ్లీషు మాట్లాడే రోగికి నేర్పాల్సి వస్తుంది. తెలుగులో ‘పనికిరాననిపిస్తోంది’ అని ఆమె మనం నేర్పకుండానే అంటుంది. ఆ ఎడం వాక్యంలోనే ఉంది. మన పని దాన్ని ఆమెకు వినిపించడమే.

ఇది గ్రహించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చదువు ఇంగ్లీషులో, పరీక్షలు ఇంగ్లీషులో, కేసు నోట్సూ ఇంగ్లీషులోనే. రోగులు ఇంటి దగ్గర నింపుకురావాల్సిన పట్టికకు మొదట్లో ‘స్వయంచాలిత ఆలోచనలు’ అని శీర్షిక పెట్టాను. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తప్ప ఎవరూ నింపలేదు. ఆయన కూడా నా అనువాదం దిద్ది తెచ్చారు. ఇప్పుడు నాలుగే గళ్ళు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏం చేశారు, ఇప్పుడు ఏమనుకుంటున్నారు. రాయడం రానివాళ్ళు వాయిస్ మెసేజ్‌లో చెబుతారు. కొంగు చుట్టుకున్న ఆవిడ మొదటి మెసేజ్: పాలు పొంగిపోయాయి, పనికిరానిదాన్ననిపించింది, స్టవ్ తుడిచాను. నాలుగో గడికి జవాబు లేదు, ఆ పైన కుక్కర్ కూత.

‘అనిపిస్తోంది’లోని ఈ ఎడాన్ని తెలుగు గొప్పతనంగా చాటుకోనక్కర్లేదు. హిందీలో, తమిళంలో కూడా ‘నాకు’ అనే విభక్తితోనే ఇలాంటివి చెబుతారు. పైగా ‘అనిపిస్తోంది’ చాలాసార్లు ఒట్టి మర్యాద. ‘రేపు రాలేనేమో అనిపిస్తోంది’ అంటే రానని అర్థం. గమనించాల్సింది ఆ క్రియ రాలిపోయే ఘడియను. దిగులు ముదిరినకొద్దీ ‘అనిపిస్తోంది’ పోయి ‘పనికిరానిదాన్ని’ ఒక్కటే మిగలడం నేను పదేపదే చూశాను. ఇది క్లినిక్ అనుభవమే, కొలిచి చూపిన ఫలితం కాదు. కొలవాలంటే పద్ధతి కూడా మనమే వెతుక్కోవాలి. దిగులుతో ఉన్న విద్యార్థుల రాతల్లో ‘నేను’ ఎక్కువగా వస్తుందని రూడ్, గోర్ట్‌నర్, పెన్నెబేకర్ అనే పరిశోధకులు 2004లో ఇంగ్లీషు వ్యాసాలను లెక్కించి చూపారు. తెలుగులో ‘నేను’ అనకుండానే ‘వచ్చాను, తిన్నాను, ఏడ్చాను’ అని రోజంతా చెప్పుకురావచ్చు. ఇక్కడ లెక్కించాల్సింది క్రియ చివర్లను.

ఇదంతా పండితచర్చగా మిగిలిపోకూడదనడానికి ఒక ఉదాహరణ చాలు. దిగులును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననే ఆలోచననూ, తనకు తాను హాని చేసుకునే ఆలోచననూ కలిపి అడుగుతుంది. తెలుగులో అవి రెండు వాక్యాలు. ‘ఉంటే ఎంత, పోతే ఎంత అనిపిస్తోంది’ ఒకటి. ‘ఏమైనా చేసుకుందామనుకుంటున్నాను’ ఇంకొకటి. మొదటిదాంట్లో ఆలోచన మనిషి మీదికి వస్తోంది, రెండోదాంట్లో మనిషే ఆలోచన వైపు నడుస్తోంది. రెండింటినీ విడివిడిగా, తడబడకుండా అడగాలి. మొదటిది తేలికైనదని వదిలేయకూడదు, రెండోది వింటే ఆ మనిషిని ఒంటరిగా పంపకూడదు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. అక్కడ వినేవారికి ముఖం కనిపించదు, గొంతూ క్రియా వినిపిస్తాయంతే. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇలాంటి ప్రశ్నలే అడిగిన పరిశోధన ప్రాజెక్టు ఉంది. అదే ప్రశ్నావళిలోని మరో ప్రశ్న, పనుల మీద ఆసక్తి తగ్గిందా అని అడిగితే నాకు తరచూ వచ్చే జవాబు, “ఆసక్తేంటండీ, పనుంటే చెయ్యడమే కదా!”

ఇలా అడగాల్సిన అవసరం ఎంతుందో అంకెల్లో వెతికినా తెలుగు కనబడదు. నిమ్హాన్స్ సంస్థ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. దిగులు, ఆందోళన వంటి సాధారణ సమస్యలున్నవారిలో సుమారు 85 శాతానికి చికిత్స అందడంలేదని అది తేల్చింది. ఆ పన్నెండింటిలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు.

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగాలు చేసే యువతీయువకులది మరో భాష. ‘నాకు యాంగ్జయిటీ ఉంది’ అంటారు, షుగర్ ఉంది అన్నట్టు. ఆ పేరు సిగ్గును తగ్గిస్తుంది, అది చిన్న లాభం కాదు. కానీ ‘కంగారు పడుతున్నాను’లో ఎప్పుడు, ఎవరి దగ్గర అనే ప్రశ్నలకు చోటుంది, ‘ఉంది’లో లేదు. ఇంట్లోవాళ్ళ మాట ఇంకో కొసన ఉంటుంది: “ఊరికే మనసులో పెట్టుకుంటుందండీ.” ఆ ‘కొను’తో జబ్బు ఆమె చేసుకున్న తప్పవుతుంది. నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే ప్రత్యయం అదే.

‘అను’ పట్టుకుని వెళితే అన్ని తలుపులూ తెరుచుకోవు. ఇంటర్ మొదటి సంవత్సరం తప్పి, హాస్టల్ నుంచి వచ్చేసిన ఒక కుర్రాణ్ణి అలవాటుగా అడిగాను, ఇంట్లో ఏమన్నారని.

“నాన్న ఏమీ అనలేదు సార్. అదే భయంగా ఉంది. ఏదో ఒకటి అంటే బాగుండు.”

తరవాతి వారం తండ్రిని రమ్మన్నాను. చేతిలో హెల్మెట్ పట్టుకుని నిలబడే ఉన్నాడు, ఎంత చెప్పినా కూర్చోలేదు. కొడుకు వైపు చూడకుండా నాతో అన్నాడు: “పేపర్లో వచ్చేవన్నీ చూస్తన్నాం కదండీ. ఏమంటే ఏమైపోద్దోనని.” కుర్రాడు మొదటిసారి తలెత్తి చూశాడు. ఆ రోజు ఇక ప్రశ్నలేవీ వేయకుండా, ఆ ఇద్దరినీ గదిలో వదిలి బయటికొచ్చి కూర్చున్నాను.